వీణ పలకాలంటే పనస పెరగాలి

బొబ్బిలి వీణ అంటే మన ఉత్తరాంధ్రులందరికీ గర్వమే. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరాలుగా చెక్కుతూ వస్తున్న ఈ వాద్యానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని చెట్టును కాపాడదు.

చూడబోతే వీణలో సగం చెట్టూచేమల చలువే. ఏకాండి వీణకు కుండ, దండి, యాళి ముఖం అన్నీ ఒకే పనస మొద్దులోంచి చెక్కుతారు. దండి మీద 24 మెట్లను నిలబెట్టే మైనం తేనెటీగ పెట్టిన భిక్ష. దండి కింద అమర్చే బుర్ర పూర్వం ఎండిన ఆనపకాయే.

పనసే ఎందుకు, టేకు లేదా అని అడగవచ్చు. చేవదేరిన పనస ఉలికి లొంగుతుంది, చెదకు తొందరగా లొంగదు. తీగ మీటితే నాదాన్ని మింగెయ్యకుండా పలికిస్తుంది. మృదంగానికీ ఈ కర్రే. లేత మొద్దులో తెల్ల పొర ఎక్కువ కనుక పురుగు పడుతుంది. పచ్చటి చేవ ముదరాలంటే 30, 40 ఏళ్లు పట్టవలసిందే. (ఆ చేవ పసుపుతోనే బర్మాలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు రంగు వేసేవారట. రంగం వెళ్లొచ్చిన తాతలున్న ఇళ్లు మనకు తక్కువా?)

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోపాటు పనస చెట్లనూ కూల్చింది. ఆ మర్నాడే గింజ నాటి ఉన్నా, వీణకు పనికొచ్చే మొద్దు 2050 దరిదాపులకు గాని చేతికి రాదు. ఇక ఆడపిల్ల పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో రైతు లేత చెట్టునే అమ్ముకుంటే తప్పు పట్టలేం. ముదిరిన మొద్దుకు మంచి ధర వస్తుందన్న భరోసా అతనికి ఎవరిచ్చారు?

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. పాఠం చెప్పేవారూ నేర్చేవారూ ఉండి, వాద్యానికి కర్ర కరువైతే ఏం ప్రయోజనం?

మొక్కలు పంచే శాఖలవారు నీలగిరి, సరుగుడులతోపాటు పనసనూ లెక్కలోకి తీసుకోవాలి. త్వరగా కాసే అంటుమొక్క పండుకు మంచిదే గాని, కలపకు గింజ చెట్టే నయం. గాలివానకు కూలిన పనసను రంపం మిల్లుకు తోలేముందు, నిటారు మొద్దు ఉంటే గొల్లపల్లికి కబురందే ఏర్పాటు ఉండాలి. రెండు జిల్లాల అధికారులు తలచుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు.

రైతు సోదరులకు ఒక్క మాట. పనస గింజను కంది గింజలా ఎండబెట్టి దాచి, మరుసటి ఏడు నాటితే మొలవదు. పండు తిన్న కొద్ది రోజులకే, తడి ఆరకముందే పాతాలి. తల్లివేరు తెగితే మొక్క తిప్పుకోదు కనుక ఉండవలసిన చోటనే నాటడం మేలు. నీరు నిలిచే పల్లపు మడి పనికిరాదు. పెరడు, మెట్ట గట్టు చాలు. వేసవిలో పండు కోసిన ఇంట తొలకరికి నాలుగు గింజలు నేలలో పడాలి.