యాయీరు ఇంటి తలుపు



ఫార్ములా వన్ కారు పందేల్లో ఏడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన మైఖేల్ షూమాకర్, 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో స్కీయింగ్ చేస్తూ పడిపోయారు. తల బండకు తగిలి తీవ్రంగా గాయపడ్డారు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘షూమాకర్’ డాక్యుమెంటరీలో ఆయన భార్య కొరీనా నోరు విప్పారు. జరిగినదానికి దేవుణ్ణి ఎన్నడూ నిందించలేదన్నారు. భర్త ఇంట్లోనే ఉన్నారనీ, చికిత్స సాగుతోందనీ చెప్పి అక్కడితో ఆగారు. ఇన్నాళ్లూ ఆయన మమ్మల్ని కాపాడారు, ఇప్పుడు ఆయన్ని మేము కాపాడుతున్నాం అన్నదే ఆమె మాటల సారం. గాయపడిన మనిషిని మాత్రం కెమెరాకు చూపలేదు.

లోకం ఊరుకోలేదు. 2023లో ఒక జర్మన్ వారపత్రిక, కృత్రిమ మేధ పుట్టించిన జవాబులను షూమాకర్ ఇంటర్వ్యూగా ముఖచిత్రంతో అచ్చువేసింది. ఆ సంస్థ క్షమాపణ చెప్పి, కుటుంబానికి 2 లక్షల యూరోల పరిహారం చెల్లించవలసి వచ్చింది.

ఆ పత్రికను తప్పుపట్టడం తేలిక. మన సంఘాల వాట్సాప్ గ్రూపుల మాటేమిటి? ముక్కుకు గొట్టాలతో ఐసీయూలో ఉన్న సహోదరి ఫొటో, స్కానింగ్ రిపోర్టు, పైన ‘అర్జెంటు ప్రార్థన’. గంటలో ఆమె ఎరుగని వందలమంది చేతికి చేరుతుంది. పెళ్లి కావలసిన అమ్మాయి జబ్బు పేరు అలా ఊరంతా తిరిగితే, ఆమె కోలుకున్నాక ఆ మాటను వెనక్కి తెచ్చేదెవరు? అడగకుండా అలా పంపినవారిలో నేనూ ఉన్నాను.

‘వివరాలు తెలియకుండా భారంతో ఎలా ప్రార్థిస్తాం?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. బాధను దాచుకుని ఒంటరిగా కుమిలిపోవాలని ఎవరూ చెప్పరు. పక్షవాయువు గలవాడు నలుగురు మోసినందునే యేసు దగ్గరకు చేరాడు. అయితే వారు మోసింది ఆయన దగ్గరకే, సంతలోకి కాదు. యాయీరు ఇంట్లో (మార్కు 5) ప్రభువు జనమంతటినీ బయటకు పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపలికి తీసుకెళ్లారు. చిన్నది లేచాక కూడా ఈ సంగతి ఎవరికీ తెలియనియ్యవద్దన్నారు. ఆమెకు తినడానికి పెట్టమన్నారు.

కాబట్టి రోగిని, లేదా ఇంటివారిని అడిగి, వారు చెప్పమన్నంతే చెప్పుదాం. ఫొటో వద్దు. దేవునికి పేరు చాలు, రిపోర్టు అక్కర్లేదు. ఫోను పక్కన పెట్టి, ఆ ఇంటికి ఒక పూట భోజనం పట్టుకెళ్దాం.