ఆమెను అడగని క్షమ

జమ్మలమడుగు వైపు ఒక పల్లె. ఊరి పేరూ, మనిషి పేరూ రాయవద్దని ఆమె చెప్పింది కనుక రాయడం లేదు. ఆమె భర్త ఫ్యాక్షన్ హత్యల్లో పోయాడు. అతను నాయకుడేమీ కాదు. నాయకుడి జీపు వెనక సీట్లో కూర్చునే నలుగురిలో ఒకడు. చంపినవాళ్ళలో ఒకడు అదే ఊరివాడు, ఆమె ఇంటికి నాలుగిళ్ళ అవతలివాడు. యావజ్జీవ శిక్ష పడింది. కడప సెంట్రల్ జైల్లో ఏళ్ళ తరబడి ఉండి, ఒక ఆగస్టు 15న సత్ప్రవర్తన కింద విడుదలయ్యాడు. ఆ సంగతి ఆమెకు పోలీసులు చెప్పలేదు, జైలు అధికారులు చెప్పలేదు, పంచాయతీ ఆఫీసు వాళ్ళూ చెప్పలేదు. పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టి తలెత్తితే ఎదురుగా నడిచి వస్తున్నాడు. "బిందె ఆడే వదిలేసి ఇంట్లోకి పోయి గడియ పెట్టుకున్న్యాను" అని చెప్పింది.

వారం తిరక్కుండా పెద్దమనుషులు ఆమెను పిలిపించారు. "అమ్మా, వాడు చేసినదానికి జైలు అనుభవించినాడు. నీ కొడుకు ఎదిగొచ్చినాడు. మల్లా రక్తం వద్దు. పదిమందిలో ఒక్కమాట చెప్పు, క్షమించినానని" అన్నారు. ఆమె జవాబు ఇది: "నా కొడుకు కొడవలి పట్టడు. ఆ మాట ఇస్తా, ఎవరి మీద ప్రమాణం చేయమన్నా చేస్తా. క్షమించినానని మాత్రం నన్ను అనమనాకండి. వాడు నన్ను అడిగిందీ లేదు, నేను ఇచ్చిందీ లేదు."

పెద్దమనుషులకు కోపం వచ్చింది. మొండిదన్నారు. పగ మనసులో పెట్టుకుంది, రేపు కొడుకును ఉసిగొల్పుతుందన్నారు. ప్రొద్దుటూరులో మా కార్యకర్తల సమావేశంలో ఈ సంగతి వచ్చినప్పుడు మాలోనూ ఇద్దరు ముగ్గురు ఆ మాటే కాస్త మెత్తగా అన్నారు. "క్షమిస్తే ఆమెకే మంచిది కదా, గుండె బరువు దిగుతుంది కదా" అన్నారు. ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆమె చెప్పింది మేము సరిగ్గా విన్నామా? పగ తీర్చుకోనని ఒక మాట చెప్పింది. క్షమించలేదని ఇంకో మాట చెప్పింది. ఇవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది ఊరికి అవసరమైనది, అడిగే హక్కు ఊరికి ఉంది, ఆమె అడక్కముందే ఇచ్చింది. రెండోది ఆమె సొంతం. దాన్ని కూడా ఊరు కోసం ఇవ్వమంటున్నారు.

సీమ పల్లెల్లో స్త్రీకి పగా సొంతం కాదు, క్షమా సొంతం కాదు. మొగుడు చచ్చిన రోజున శవం మీద పడి ఏడుస్తున్నదాన్ని లేపి, చంకలోని బిడ్డను చూపించి, "వీడు పెద్దయినాక చూస్తాం" అని శపథం చేయించేదీ వాళ్ళే. పదేళ్ళ తర్వాత రాజకీయాలు మారితే, "పోనీలేమ్మా" అని ఒప్పించేదీ వాళ్ళే. రెండుసార్లూ నోరు ఆమెది, మాట నాయకుడిది.

క్షమ అనేది శిక్ష అనుభవించాక వచ్చే ప్రశ్న అని మనం అనుకుంటాం గానీ, ఇక్కడ చాలా కేసుల్లో అది శిక్షకు ముందే ముగిసిపోతుంది. హత్య కేసును రాజీ చేసుకునే వీలు చట్టంలో లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్‌లో లేదు, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టంలోనూ లేదు. అయినా రాజీలు జరుగుతూనే వచ్చాయి. ఎట్లా? ఈ వర్గం కేసులో ఆ వర్గం సాక్షులు, ఆ వర్గం కేసులో ఈ వర్గం సాక్షులు అడ్డం తిరుగుతారు. కేసుకు కేసు చెల్లు. అప్పుడు భార్యే బోనులో నిలబడి, తన కళ్ళ ముందు జరిగినదాన్ని "నేను చూడలేదు" అని చెప్పాలి. మొగుడు చచ్చినప్పటికంటే ఆరోజే ఎక్కువ ఏడ్చానని చెప్పినవాళ్ళున్నారు. దాన్ని ఊళ్ళో శాంతి అంటారు!

నాయకుల మధ్య శాంతి మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. జమ్మలమడుగులో దశాబ్దాల వైరమున్న రెండు కుటుంబాల నాయకులు 2019 ఎన్నికల్లో ఒకే పార్టీ తరఫున, ఒకరు కడప పార్లమెంటుకు, ఒకరు జమ్మలమడుగు అసెంబ్లీకి పోటీ చేశారు. ఒకే వేదిక మీద దండలు వేసుకున్నారు. కొట్టుకోవడం కంటే అది నయమే, కాదనను. కానీ ఆ వైరంలో చచ్చిన కూలీల, డ్రైవర్ల, జీతగాళ్ళ పెళ్ళాలను ఆ వేదిక ఎక్కించి, "మీకు సమ్మతమేనా" అని అడిగిన వాళ్ళెవరు? 1993లో హైదరాబాదులో హత్యకు గురైన శివారెడ్డి పేరు, 1998 మేలో హత్యకు గురైన రాజారెడ్డి పేరు జిల్లాలో అందరికీ తెలుసు. ఆ కక్షల్లో వాళ్ళకు ముందూ వెనకా పోయిన మామూలు మనుషుల పేర్లు వాళ్ళ ఇళ్ళల్లో గోడమీది ఫోటోల కింద తప్ప ఎక్కడా లేవు.

పెళ్ళిలో పంతులు చదివే శ్లోకంలో మంచి భార్య లక్షణాలు చెబుతారు. సేవలో దాసి, సలహాలో మంత్రి, ఓర్పులో భూదేవి. తొక్కినా దున్నినా ఊరుకునేది భూమి కనుక ఆడది అట్లా ఉండాలట. "క్షమించు" అని మగవాడికి చెప్పేటప్పుడు అది గొప్ప గుణం. ఆడదానికి చెప్పేటప్పుడు అది డ్యూటీ. తాగొచ్చి తన్నిన మొగుణ్ణి క్షమించమని కౌన్సెలింగ్ సెంటర్లలో మనమే ఎన్నిసార్లు చెప్పి ఉంటామో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

క్షమించిన స్త్రీలు లేరా అంటే ఉన్నారు. మన జిల్లా ఒంటిమిట్టలో పోతనను తలచుకోనివాళ్ళు ఉండరు గనుక, ఆయన భాగవతంలోని కథే చెప్పుకుందాం. నిద్రపోతున్న అయిదుగురు బిడ్డల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. చంపాల్సిందేనంటాడు భీముడు. వదిలేయమంటుంది ద్రౌపది. తనలాగే అతని తల్లి కూడా కడుపుకోతతో ఏడవకూడదంటుంది. స్త్రీ సహనానికి ఉదాహరణగా ఈ కథను మనకు చిన్నప్పటి నుంచి చెబుతారు. చెప్పేవాళ్ళు కొన్ని సంగతులు దాటేస్తారు. నేరస్తుణ్ణి ముందుగా ఆమె దగ్గరకే తెచ్చారు. అతను తాళ్ళతో కట్టేసి, తల వంచుకుని ఉన్నాడు. మొగుడి చేతిలో ఆయుధం ఉంది. అంటే ఆమె కాదంటే కాదు, అవునంటే అవును. పైగా, ఆమె వదలమన్న తర్వాత కూడా అతని తల గొరిగి, శిరసు మీది మణిని తీసుకుని, వెళ్ళగొట్టారు. నేరం నేరంగానే లెక్కకు వచ్చింది. మన జమ్మలమడుగు ఆమెకు వీటిలో ఏది ఉంది? నాలుగిళ్ళ అవతల అతను, ఇటు ఆమె, మధ్యలో పెద్దమనుషులు. నిర్భయంగా కాదనగలిగే చోటు లేనప్పుడు అవునన్నమాటకు విలువేముంటుంది?

ఇక ప్రభుత్వం సంగతి. శిక్ష తగ్గించి విడిచిపెట్టడాన్ని మన తెలుగులో క్షమాభిక్ష అంటాం. భిక్ష అడిగేది గవర్నరును, రాష్ట్రపతిని. నష్టపోయిన మనిషి ఆ వాకిట్లో ఎక్కడా కనిపించదు. హత్యలాంటి నేరాల్లో యావజ్జీవ ఖైదీ కనీసం పద్నాలుగేళ్ళు లోపల ఉండాలని 1978లో చట్టం మార్చారు. ప్రభుత్వం శిక్ష తగ్గించాలంటే శిక్ష వేసిన జడ్జి అభిప్రాయం అడగవచ్చని ఉంది. బాధితుల్ని అడగాలని లేదు. రాజ్యాంగం 161వ అధికరణ కింద గవర్నరుకున్న అధికారానికి ఆ పద్నాలుగేళ్ళ కట్టుబాటు కూడా లేదు.

ఆ అధికారం సీమలో ఎట్లా వాడారో కర్నూలు జిల్లా కేసు ఒకటి చెబుతుంది. 1995 నాటి జంట హత్యల కేసులో పదేళ్ళ శిక్ష పడిన గౌరు వెంకటరెడ్డికి 2005 ఆగస్టులో గవర్నరు సుశీల్‌కుమార్ షిండే మిగిలిన శిక్ష రద్దు చేశారు. ఆయన భార్య అప్పుడు నందికొట్కూరు అధికార పార్టీ ఎమ్మెల్యే. హతుల్లో ఒకరి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ఆ ఫైలులో ఖైదీ యోగ్యతల కింద "మంచి కాంగ్రెస్ కార్యకర్త" అని కూడా రాసి ఉంది! 2006 అక్టోబరు 11న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, పార్టీ విధేయత చూసి క్షమాభిక్ష పెట్టడానికి వీల్లేదంది. ఢిల్లీ దాకా పోగలిగాడు కాబట్టి ఆ కొడుకు మాట వినపడింది.

గుజరాత్‌లో బిల్కిస్ బానో విషయం మీకందరికీ తెలిసిందే. 2022 ఆగస్టు 15న 11 మందిని విడిచిపెట్టి, జైలు బయట మిఠాయిలు పంచి దండలు వేశారు. తన భద్రత గురించి ఎవరూ తనను అడగలేదని ఆమె ప్రకటన ఇచ్చింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది. అయితే ఆ తీర్పు ముఖ్యంగా ఏ రాష్ట్రానికి అధికారం ఉందన్న దాని మీద నిలబడింది. ఆమెను అడిగి తీరాలన్న నియమం దానితో రాలేదు.

ఇక్కడ ఒక విషయం మనమూ ఒప్పుకోవాలి. నేను ఉరిశిక్షకు వ్యతిరేకిని. ఖైదీలు జీవితాంతం జైల్లో కుళ్ళిపోవాలని కోరుకోను. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబెట్టిన కేసులో 23 మంది చనిపోయారు. ఆ కేసులో ఉరి పడిన ఇద్దరు దళిత యువకుల కోసం హక్కుల సంఘాలు పోరాడాయి, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వాళ్ళ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అది సరైన పోరాటమే. కానీ ఆ బస్సులో కాలిపోయినవాళ్ళ ఇళ్ళకు మనలో ఎంతమందిమి వెళ్ళాం? ఉరి వద్దని చెప్పడానికి వాళ్ళ అనుమతి అక్కర్లేదు. వాళ్ళ గడప తొక్కడానికి మాత్రం ఏం అడ్డం వచ్చింది?

ఒకరి క్షమ ఇంకొకరిని కట్టెయ్యదు అన్నది కూడా మరిచిపోతుంటాం. రాజీవ్‌గాంధీ హత్య కేసులో నళినికి ఉరి వద్దని సోనియాగాంధీ కోరారు, 2000లో ఆ శిక్ష తగ్గింది. 2008 మార్చిలో ప్రియాంక వేలూరు జైలుకు వెళ్ళి నళినిని కలిశారు. 2022 నవంబరులో నళిని విడుదలైంది. ఆ కుటుంబం చేసింది చిన్న పని కాదు. కానీ 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్‌గాంధీతోపాటు ఇంకా చాలామంది చనిపోయారు. అదే పేలుడులో తీవ్రంగా గాయపడిన ఒక మహిళా పోలీసు అధికారి విడుదలలను వ్యతిరేకిస్తూనే వచ్చారు. ఆమె మనసు గాంధీ కుటుంబం మనసంత పెద్దది కాదనడం ఎంత అన్యాయం!

పులివెందులలో 2019 మార్చి 15న వివేకానందరెడ్డి తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. నిందితుల్లో ఒకరు అప్రూవరుగా మారితే కోర్టు క్షమాభిక్ష ఇచ్చింది. సాక్ష్యం కోసం చట్టం పెట్టిన పద్ధతి అది. దోషులెవరో కోర్టు తేల్చాలి, దాని గురించి నేను మాట్లాడను. నాకు పట్టేది ఆయన కూతురి సంగతి. నిష్పక్షపాతంగా విచారణ జరగాలని కూతురూ తల్లీ సుప్రీంకోర్టుకు వెళితే 2022 నవంబరులో కేసు హైదరాబాదుకు మారింది. సొంత కుటుంబం పరువు బజారుకెక్కిస్తున్నావని, ఇక చాలించమని అలాంటి ఆడపిల్లకు మన సమాజం ఎన్ని గొంతులతో చెబుతుందో ఊహించడం కష్టం కాదు. చదువూ, డబ్బూ, పేరూ ఉన్న ఇంటి ఆడపిల్లకే ఇన్నేళ్ళు పడితే, బిందె వదిలేసి గడియ పెట్టుకున్న మనిషి ఏ కోర్టుకు పోతుంది?

మనం అడగాల్సినవి పెద్దవేమీ కావు. విడుదలకు ముందే ఆ ఇంటికి కబురు చెప్పాలి. ఫైలు కదిలేటప్పుడు ఆమె మాట రాసుకోవాలి, విడుదలను ఆపడానికి కాకపోయినా ఆమె భయాన్ని లెక్కలోకి తీసుకోవడానికి. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలంటే బాధితుల మాట వినాలని కొత్త చట్టం 360వ సెక్షన్‌లో పెట్టారు. శిక్ష తగ్గించేటప్పుడు మాత్రం ఎందుకు అక్కర్లేదు? ఇక మన పని. విడుదలైనవాడు ఊరికొచ్చాక పెద్దమనుషుల సభకు ఆమెను ఒంటరిగా పంపకూడదు. మనలో ఎవరైనా పక్కన కూర్చోవాలి. ఆమె క్షమిస్తానంటే మనకు అభ్యంతరం ఉండకూడదు, క్షమించనంటే మనం ఒప్పించబోకూడదు.

మొన్న మళ్ళీ ఆమె దగ్గరకు వెళ్ళాను. అతని భార్య, ఈమె ఇద్దరూ ఒకే ఆటోలో పత్తి కోతకు పోతున్నారు. నాకు ఆశ్చర్యమేసి అడిగాను. "ఆయమ్మ ఏం చేసిందక్కా? అన్నేండ్లు బిడ్డల్ని ఎత్తుకుని కడపకు జైలుకాడికి తిరిగింది. నేను ఇంట్లో ఏడిస్తే ఆయమ్మ బస్సులో ఏడ్చింది" అంది. మరి అతనితో? "వాడు ఎదురొస్తే నేను పక్క సందులో పోతా. ఇప్పుడు వాడే ముందుగా పక్కకు పోతాండాడు" అని, బిందె నెత్తికెత్తుకుంది.