టైల్స్ తీశాక తొందరొద్దు!

‘పైన మీరు స్నానం చేస్తుంటే కింద మాకు జల్లు పడుతోందండీ!’

కింది ఫ్లాట్ ఆవిడ నవ్వుతూనే అన్నా, పై ఫ్లాట్ ఇల్లాలి మొహం చిన్నబోయింది. కూకట్‌పల్లిలో పాతికేళ్లనాటి అపార్టుమెంటు అది. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు రెండుసార్లు పూయించారు. చెమ్మ ఆగలేదు. ఇక లాభంలేదని, పాతవన్నీ పీకించి బాత్రూమ్ కొత్తగా కట్టించుకోవాలనుకున్నారు. సంక్రాంతికి ఇంకా మూడు వారాలుంది. పండగకు కూతురు, పిల్లలు అమెరికా నుంచి వస్తున్నారు.

‘దానికంత హడావుడి ఎందుకమ్మా? ఇక్కడ మా బాత్రూమ్‌లో ఒక్కరోజులో తీసేశారు. టైల్స్ వెనకాల బోర్డు ఉంటుంది, దాంతో సహా ఊడొచ్చేస్తుంది’ అంది కూతురు ఫోన్లో. ఆమె చెప్పిందీ నిజమే. అమెరికా ఇళ్లలో గోడలు చాలావరకు కొయ్య చట్రాలే. బాత్రూముల్లో వాటికి సిమెంటు బోర్డు బిగించి, దానిమీద టైల్స్ అతికిస్తారు. బోర్డు ఊడదీస్తే టైల్సూ వస్తాయి. మన దగ్గర అలా కాదు. ఇటుక గోడ, ప్లాస్టరింగు, దానిమీద సిమెంటుతో పట్టించిన టైల్... ఒకదాన్నొకటి వదలవు. సుత్తీ ఉలీ పడాల్సిందే.

కొట్టి చూడండి

ముందు ప్రతి టైల్‌నీ రూపాయి బిళ్లతో కొట్టి చూడాలి. గట్టిగా ‘టక్‌’మంటే పట్టు ఉన్నట్టు. బోలుగా మోగితే అడుగున ఖాళీ ఉన్నట్టు. ‘పగలగొట్టడం దేనికండీ, పాతవాటిమీదే కొత్తవి అతికిద్దాం’ అనేవాళ్లూ ఉంటారు. పట్టు గట్టిగా ఉండి, లీకేజీ లేనిచోట ఆ పద్ధతి బాగానే పనికొస్తుంది. నీళ్లు కారుతున్నచోట అలా చేయడమంటే పుండుమీద పట్టుచీర కప్పడమే!

సుత్తి పడేముందు...

గీజరు లైను కరెంటు మెయిన్ దగ్గరే ఆపేయాలి. నీళ్ల వాల్వు కట్టేయాలి. కమోడ్, కుళాయిలు విప్పేశాక పైపుల మూతులకు, నేలమీది నీళ్లుపోయే రంధ్రానికి గుడ్డలు గట్టిగా కుక్కాలి. ఒక్క పెళ్ల లోపల పడిందా... రేపు మొత్తం లైనే జామ్! గోడలు పైనుంచి కిందికి తీసుకుంటూ రావాలి. నేల ఆఖరున. శ్లాబు దగ్గరపడ్డాక పెద్ద బ్రేకర్ మిషన్లు వద్దు, చేతి ఉలే మేలు.

పగిలిన టైల్ అంచు కత్తికి తీసిపోదు. కూలీలు చాలాసార్లు హవాయి చెప్పులతోనే వచ్చేస్తారు. బూట్లు, గ్లవుజులు, కళ్లద్దాలు ఇంటివాళ్లే తెచ్చిస్తే పోయేదేమీ లేదు. అంతకన్నా ముఖ్యం మాస్కు. టైల్స్, సిమెంటు దుమ్ములో ఉండే సిలికా కంటికి కనిపించనంత సన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. రోజూ ఆ దుమ్ములోనే ఉండేవాళ్లకు సిలికోసిస్ వస్తుంది. ఒకసారి వచ్చాక పూర్తిగా నయమయ్యే జబ్బు కాదది. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. ఎన్-95 రకం మాస్కు ఇవ్వాలి. నీళ్లు చల్లుతూ పని చేయించాలి.

అసలు కథ అడుగున

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో గోడలు, నేల కలిపి రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. చాలా అపార్టుమెంట్లలో బాత్రూమ్ శ్లాబును మిగతా ఇంటికన్నా లోతుగా పోస్తారు. ఆ గుంటలో పైపులు వేసి, ఇటుకముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. ఇక్కడ పైపు జాయింటు ఎప్పుడో విడిపోయింది. గుంట నిండా నీళ్లే! ‘చూశారామ్మా, మీ ఇంట్లో చెరువుంది’ అన్నాడు మేస్త్రీ. అలా నిలిచిన నీళ్లు శ్లాబులోకి దిగితే కమ్మీలు తుప్పుపడతాయి. తుప్పుపట్టిన కమ్మీ ఉబ్బి కాంక్రీటును పెళ్లలుగా రాలగొడుతుంది. ఆ పెళ్లలు పడేది కిందివాళ్ల నెత్తినే.

పాత ఇనుప పైపులు తీసేసి కొత్తవి వేశారు. గుంట ఆరాక, మూలలు గుండ్రంగా మెత్తి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేశారు. పండగ ఇక వారమే ఉంది. ‘మూసేద్దామమ్మా, టైల్స్ మొదలెడితే పండక్కి అయిపోద్ది’ అన్నాడు మేస్త్రీ. ఇల్లాలికీ మనసు అటే లాగింది. కింది ఫ్లాట్ పైకప్పు గుర్తొచ్చి ఆగింది. రెండుమూడు అంగుళాల లోతున నీళ్లు కట్టించి, గోడమీద పెన్సిల్‌తో గీత గీసి, రెండు రోజులు వదిలేశారు.

రెండోరోజు పొద్దున్నే కిందినుంచి కబురు... ఓ మూల అరచేయంత చెమ్మ! నీళ్లు తోడేసి, ఆ మూల మళ్లీ పూత వేసి, మళ్లీ నీళ్లు కట్టారు. ఈసారి గీత కదల్లేదు, కింద చుక్క పడలేదు. ఆ మూల తెలియకుండానే టైల్స్ వేసుంటే? చేసిందంతా మళ్లీ పగలగొట్టాల్సిందే. ఆ 48 గంటలకు ఖర్చు కొన్ని బకెట్ల నీళ్లు!

ఇంకోమాట. ఎనిమిదడుగులకు అయిదడుగుల బాత్రూమ్‌లో టైల్స్, సిమెంటు కలిపి టన్ను దాకా పెళ్లలు వస్తాయి. పాతిక కిలోల సంచులైతే దాదాపు 40. అన్నీ ఒకేచోట పేర్చొద్దు. చెరువుగట్టునో ఖాళీ స్థలంలోనో పారబోయొద్దు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఇలాంటి వ్యర్థాలను నలగ్గొట్టి మళ్లీ వాడుకునేలా చేసే ప్లాంట్లున్నాయి. అక్కడికి చేర్చే ఏర్పాటు పని మొదలవకముందే చూసుకోవాలి.

పండగ రానే వచ్చింది. కూతురు, పిల్లలు దిగేసరికి బాత్రూమ్‌లో ఉన్నది సిమెంటు నేలే. భోగినాడు పిల్లల తలంట్లు ఎక్కడో తెలుసా? కింది ఫ్లాట్‌లో! ‘మా ఇంట్లో ఇప్పుడు జల్లు పడట్లేదుగా, నిశ్చింతగా పోసుకోండి’ అందావిడ, కుంకుడుకాయ రసం కలుపుతూ.