ధైర్యం సంగతి తర్వాత, ముందు గడువివ్వండి

హాస్టల్లో ఒక విద్యార్థి చనిపోయిన మర్నాడు టీవీ చర్చల్లోనూ, స్టాఫ్ రూముల్లోనూ వినిపించేది ఒకే పాట. ఈ కాలం పిల్లలు మరీ సున్నితమైపోయారు, చిన్న మాటకే కుంగిపోతున్నారు, సెల్‌ఫోన్లు పాడుచేశాయి, అమ్మానాన్నలు గారాబం చేసి చెడగొట్టారు. రోగం ఇదని తేల్చాక మందు కూడా సిద్ధంగానే ఉంటుంది. వారం తిరక్కుండా ఆడిటోరియంలో ఒక వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం, ఒక పూట ధ్యానం, గోడ మీద ఒక పోస్టరు. ఆదివారం పోయిందని పిల్లలు గొణుక్కుంటారు. ప్రిన్సిపల్ గారు ఫొటోలు తీయించి వెబ్‌సైట్‌లో పెట్టిస్తారు.

ఈ వాదన తప్పు. పైగా చాలామందికి పనికొచ్చే తప్పు. లోపమంతా పోయినవాడి మనసులోనే ఉందని తేలిపోతే, ఉన్నవాళ్లెవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

"మా రోజుల్లో ఇలా ఉండేదా?" అని అడిగే పెద్దలు ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోవాలి. వాళ్ల రోజుల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లే కొద్దిమంది. ఫెయిలైనవాడు ఊరెళ్లి వ్యవసాయంలో పడ్డాడో, కొట్టు పెట్టుకున్నాడో, అసలేమైపోయాడో ఎవరూ లెక్క రాయలేదు. ఇవాళ ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఒక సబ్జెక్టు పోతే వాళ్లకు గుర్తొచ్చేది మార్కుల మెమో కాదు, తమ చదువు కోసం ఇంట్లో చేసిన అప్పు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2023లో 13,892 మంది. ఒక తరం తరానికే ధైర్యం కరువైందని సరిపెట్టుకుందామా? కేంద్ర విద్యాసంస్థల్లో 2014 నుంచి 2021 వరకు 122 మంది ఇలా చనిపోయారని 2021 డిసెంబరులో ప్రభుత్వమే లోక్‌సభకు చెప్పింది. వారిలో ఎస్సీలు 24 మంది, ఎస్టీలు ముగ్గురు, ఓబీసీలు 41 మంది. సగానికి పైగా వీళ్లే. ఎన్ని అడ్డంకులు దాటితే వీళ్లు ఆ గేటు దాకా వచ్చారో తెలిసినవాళ్లెవరూ వాళ్లను పిరికివాళ్లనరు.

లోపం ఎక్కడుందో తెలియాలంటే కాలేజీ ఆఫీసు కౌంటరు దగ్గర కాసేపు నిలబడాలి.

హైదరాబాద్ జేఎన్‌టీయూ కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో హాజరు నిబంధననే తీసుకోండి. సెమిస్టర్‌కు 75 శాతం హాజరు ఉండాలి. 65కు తగ్గకుండా ఉంటే, సరైన కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. అంతకన్నా తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ జూనియర్లతో కూర్చుని చదవాల్సిందే. క్లాసులకు రాకపోయినా డిగ్రీ ఇమ్మని నేననడం లేదు. కానీ డిప్రెషన్‌లో ఉన్న కుర్రాడి విషయంలో ఈ నిబంధన ఎలా పనిచేస్తుందో చూడండి. రాత్రంతా నిద్ర పట్టదు, తెల్లారాక మంచం దిగబుద్ధి కాదు. పొద్దుటి క్లాసులు పోతాయి, తర్వాత ల్యాబులు పోతాయి. మూడు వారాలు గడిచేసరికి నోటీసు బోర్డు మీద షార్టేజీ లిస్టులో అతని రోల్ నంబరు ఎక్కుతుంది, నాన్న ఫోనుకు మెసేజీ వెళుతుంది. అదే టైఫాయిడ్ అయితే డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చేవాడు. దీనికి తేవాలంటే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. ఆ కాగితం క్లర్కు చేతి నుంచి హెచ్‌ఓడీ టేబుల్ మీదికి చేరేలోపే సగం క్లాసుకు సంగతి తెలిసిపోతుందన్న భయం ఒకటి. అందుకే జ్వరమని దొంగ సర్టిఫికెట్ కొనుక్కుంటాడు. ఆ ఓపిక కూడా లేనివాడు డిటెయిన్ అవుతాడు. అప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ చిక్కుల్లో పడుతుంది, స్నేహితులు ముందుకెళ్లిపోతారు, ఇంటికి ఫోన్ చేయడానికి మొహం చెల్లదు. జబ్బు ముదిరేకొద్దీ శిక్ష పెరిగే ఏర్పాటు ఇది. ఈ ఏర్పాటును ముట్టుకోకుండా, అందులో నలిగేవాడికి శ్వాస మీద ధ్యాస నేర్పుతున్నాం.

ఫీజుల సంగతీ అంతే. సర్కారు రీయింబర్స్‌మెంట్ బకాయి పెడుతుంది. కాలేజీ సర్కారును ఏమీ అనలేక పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటుంది. ఉద్యోగం చేతికొచ్చి కూడా చేరలేని పిల్లవాడికి ఏ మోటివేషన్ స్పీకరు ఏం చెప్తాడు?

విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థుల గతి ఇంకో రకం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో చనిపోయిన సెంథిల్ కుమార్ భౌతికశాస్త్ర పరిశోధకుడు, దళితుడు. చేరి నెలలు గడిచినా అతనికి గైడును కేటాయించలేదు. అదే క్యాంపస్‌లో 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది, హాస్టల్ నుంచి వెలివేసి ఉన్నారు. ఏ ఆత్మహత్యకూ కారణం ఒక్కటే ఉండదు, ఈ రెండింటికీ అంతే. అయినా గైడు, ఫెలోషిప్, హాస్టల్ గది అనేవి మనసుకు సంబంధించిన విషయాలు కావు. అవి ఫైళ్లు. వాటి మీద సంతకం పెట్టాల్సిన మనుషులు ఉంటారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు మరిచిపోయి ఉండరు. ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయి పేపరు మళ్లీ తీసి చూస్తే 99 మార్కులున్నాయి. ఆ అమ్మాయికి తక్కువైంది ధైర్యమా, మార్కులు సరిగా ఎక్కించే మనిషా?

నిబంధన మారిస్తే ప్రాణాలు నిలుస్తాయనడానికి పక్క రాష్ట్రమే ఉదాహరణ. తమిళనాడులో పన్నెండో తరగతి తప్పినవాళ్లకు ఏడాది పోకుండా వెంటనే మళ్లీ పరీక్ష రాసే వీలు కల్పించారు. పరీక్ష తప్పి చనిపోయేవాళ్ల సంఖ్య దానివల్ల తగ్గిందని, చెన్నైలో 1986లో 'స్నేహ' సంస్థను స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ చెబుతూ వస్తున్నారు. అక్కడ పిల్లల మనస్తత్వం మార్చలేదు, పరీక్ష తేదీ మార్చారు. మన ఇంటర్‌లోనూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఇంజనీరింగ్‌లో చేరేసరికి ఆ దయ ఏమవుతుందో తెలీదు.

అలాగని కౌన్సెలింగ్ దండగంటానా? అనను. డిప్రెషన్ జబ్బే, చికిత్స ఉంది, నయమవుతుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి మరణంపై సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిస్తూ, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మంచిదే. అదే తీర్పులో మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానుకోమని కూడా ఉంది. యాజమాన్యాలకు మొదటి ముక్క బాగా వినబడింది, రెండోది వినబడలేదు. మొదటి దానికి ఒక జీతం చాలు. రెండోదానికి హోర్డింగు మీది ర్యాంకులు దించాలి. పైగా కాలేజీ పెట్టుకున్న కౌన్సెలర్ ఎవరికి జవాబుదారీ? తాను చెప్పిన మాట సాయంత్రానికి వార్డెన్‌కు చేరుతుందని అనుమానం ఉన్న పిల్లవాడు ఆ గది తలుపు తట్టడు.

నిబంధనలు సడలిస్తే ప్రమాణాలు పడిపోతాయంటారు కొందరు ప్రొఫెసర్లు. ఎవరూ పరీక్ష రద్దు చేయమనడం లేదు, మార్కులు కలపమనడం లేదు. అడిగేది గడువు. జబ్బు పేరు బయటపెట్టనక్కర్లేని మెడికల్ లీవు. అవసరమైతే ఒక సెమిస్టర్ ఆగి, సీటు, స్కాలర్‌షిప్, హాస్టల్ గది పోకుండా తిరిగొచ్చే హక్కు. షార్టేజీ లిస్టు గోడకెక్కే ముందు ఆ పిల్లవాడితో ఒక అధ్యాపకుడు కూర్చుని మాట్లాడాలన్న నియమం. బకాయి ఎవరిదైనా సర్టిఫికెట్లు ఆపకూడదన్న ఆదేశం, ఆపితే జరిమానా. పరిశోధకులకు గైడు మీద ఫిర్యాదు చేసుకోవడానికి ఆ డిపార్టుమెంటుతో సంబంధం లేని కమిటీ. వీటిలో ఒక్కదానికీ కొత్త భవనం అక్కర్లేదు. అకడమిక్ కౌన్సిల్ ఒక పూట కూర్చుంటే చాలు.

ఇది చదువుతున్న విద్యార్థీ, మనసు బాగోలేకపోతే ఆ కౌన్సిల్ కూర్చునేదాకా ఆగకు. టెలిమానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.