కాలిలో వేసే రాడ్డుకు పుట్టుపూర్వోత్తరాలు ఉండాలి

రోడ్డు ప్రమాదంలో తొడ ఎముక విరిగితే రాడ్డు వేస్తారు. ఆపరేషన్‌కు ముందు ఇంటివాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: స్టీలుదా, టైటానియందా? చేతిలో ఉన్న డబ్బును బట్టి జవాబు చెబుతారు. టైటానియం అన్నారంటే ఇక దిగుల్లేదని నమ్ముతారు. కానీ టైటానియం అయినంత మాత్రాన మంచి రాడ్డు అయిపోదు. దాన్ని ఏ కడ్డీ నుంచి తీశారు, ఆ కడ్డీని ఎంత వేడిలో ఎలా సాగగొట్టారు అన్నదే దాని ఆయుష్షును తేలుస్తుంది. రోగి చేతికి వచ్చే కాగితాల్లో మాత్రం ఈ సంగతి ఎక్కడా కనిపించదు. ఈ లోటు పూడాలి.

టైటానియానికి మంచి పేరు ఊరికే రాలేదు. ఎముక ఈ లోహాన్ని పరాయిదిగా నెట్టేయకుండా గట్టిగా అతుక్కుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్లపై ప్రయోగాల్లో గమనించారు. 1965లో తొలిసారి మనిషి దవడకు టైటానియం స్క్రూలు బిగించారు. ఉక్కుతో పోలిస్తే దీని బరువు సగానికి కాస్త ఎక్కువ, బిరుసుదనం సుమారు సగం. అందుకే ఎముక మోయాల్సిన భారమంతా రాడ్డే మోసేసి, పని లేక ఎముక బలహీనపడే ముప్పు తగ్గుతుంది. శరీరంలో అమర్చే భాగాలకు (ఇంప్లాంట్లకు) ఎక్కువగా వాడేది ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిసిన మిశ్రమం. అందులోనూ ఆక్సిజన్ 0.13 శాతం దాటని రకం మేలు. ఆక్సిజన్ పెరిగితే లోహం పెళుసవుతుంది.

అసలు పరీక్ష ఫోర్జింగ్ దగ్గర మొదలవుతుంది. శూన్యంలో ఒకటికి రెండుసార్లు కరిగించి పోసిన దిమ్మెను ఫర్నేస్‌లో కాల్చి, ప్రెస్ కింద తిప్పుతూ నొక్కుతూ కడ్డీగా సాగదీస్తారు. కమ్మరి కొలిమిలో ఇనుము ఎంత ఎర్రబడితే అంత తేలిగ్గా వంగుతుంది. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. వెయ్యి డిగ్రీలకు కాస్త దిగువన ఈ మిశ్రమం లోపలి నిర్మాణమే మారిపోయే హద్దు ఒకటుంది. చివరి దశ ఫోర్జింగ్ ఆ హద్దుకు లోపల, మామూలుగా 900 నుంచి 950 డిగ్రీల మధ్య సాగాలి. హద్దు దాటితే లోపలి రేణువులు ముతకబారతాయి. పదేపదే పడే భారాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. వేడి చాలకపోతే పైపొర చిట్లుతుంది.

టైటానియంలో వేడి నెమ్మదిగా పాకుతుంది. ఫర్నేస్ నుంచి బయటికి తీయగానే అంచులు చల్లబడి రంగు తగ్గుతాయి. నడిమి భాగం ఇంకా కాలుతూనే ఉంటుంది. గట్టిగా, వేగంగా నొక్కితే ఆ రాపిడికే లోపల వేడి పెరిగి హద్దు దాటిపోవచ్చు. అందుకే నాలుగు నొక్కులు నొక్కి, మళ్లీ ఫర్నేస్‌లో పెట్టి, చిట్లిన చోటల్లా గ్రైండర్‌తో అరగదీస్తారు. అప్పుడు లేచే నిప్పురవ్వలు తెల్లగా మెరుస్తాయి. గాలిలో కాలినప్పుడు ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడిన పైపొరను పూర్తిగా చెక్కేయాలి. అది కొంచెం మిగిలినా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. మామూలుగా నడిచే మనిషి కాలు ఏడాదికి దాదాపు పది లక్షల అడుగులు వేస్తుంది. కొలిమి దగ్గర చేసిన ఒక్క అశ్రద్ధను అన్ని అడుగులూ వెతికి పట్టుకుంటాయి.

మనకు ఈ విద్య కొత్త కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పాటైన ప్రభుత్వ లోహ సంస్థ మిధాని రక్షణ, అంతరిక్ష రంగాలకు టైటానియం మిశ్రమాలు అందిస్తోంది, ఇంప్లాంట్లూ తయారుచేస్తోంది. ఆ పక్కనే ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ పరిజ్ఞానంతో, ఇస్రో నిధులతో కేరళలోని చవరలో 2011లో టైటానియం స్పాంజ్ (ముడి లోహం) కర్మాగారం మొదలైంది. ముడిఖనిజమైన ఇల్మెనైట్ మన ఉత్తరాంధ్ర తీరం ఇసుకలోనే ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ దగ్గరి సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. కొరత విద్యది కాదు, సరఫరా గొలుసుది. కరిగించేవాడు టన్నుల లెక్కన పోస్తాడు. ఇంప్లాంట్లు చేసే చిన్న సంస్థకు రకరకాల సైజుల్లో కొద్దికొద్దిగా కడ్డీలు కావాలి. ఈ ఎడంలోనే పుట్టుక తెలియని సరుకు చొరబడే అవకాశం ఉంది.

ప్రభుత్వం ధర మీద దృష్టి పెట్టింది, మంచిదే. 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి విధించడం లక్షల కుటుంబాలకు ఊరట. అదే ఏడాది వచ్చిన వైద్య పరికరాల నిబంధనలు తయారీకి లైసెన్సునూ, నాణ్యతా వ్యవస్థనూ తప్పనిసరి చేశాయి. అయితే ధరకు గీత గీసినప్పుడు ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి ముందుగా పడేది ముడిసరుకు మీదే. కనుక ధర పట్టికతో పాటు కడ్డీ చరిత్రనూ అడగాలి.

చేయాల్సినవి మూడు. మొదటిది, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కింద వాడే ప్రతి టైటానియం ఇంప్లాంటుకూ కడ్డీ హీట్ నంబర్ (ఏ విడతలో కరిగించి పోశారో చెప్పే సంఖ్య), మిల్లు పరీక్షా పత్రం, లోపలి నిర్మాణం చూపే సూక్ష్మచిత్రం జతచేయాలని షరతు పెట్టాలి. రెండోది, మెడ్‌టెక్ జోన్ వంటి చోట పరీక్షించిన కడ్డీలను నిల్వ ఉంచి చిన్న తయారీదారులకు కావలసినన్ని అమ్మాలి. మూడోది, ఇంప్లాంట్ డబ్బాపై ఉండే లాట్ నంబర్ స్టిక్కర్ కేస్‌షీటుకే పరిమితం కాకుండా, తెలుగులో వివరాలతో ఒక కార్డుగా రోగి చేతికి అందాలి. రేపు రాడ్డు విరిగితే తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెతకడానికి అదే ఆధారం.

దీనివల్ల ఖర్చు పెరుగుతుందనేవారు ఉంటారు. విరిగిన రాడ్డును తీసి మరొకటి వేయడానికి అయ్యే రెండో ఆపరేషన్ ఖర్చు ముందు, మంచాన గడిచే నెలల్లో పోయే కూలి ముందు పరీక్షకయ్యే ఖర్చు ఏపాటిది? పుట్టుక చెప్పలేని రాడ్డును ప్రజల సొమ్ముతో కొనకూడదు, ప్రజల ఒంట్లో పెట్టకూడదు.