ఆరవ వారమునకు ముందు

మన ప్రభుత్వములు నడపుచున్న టీకాల కార్యక్రమమునందు బిడ్డ పుట్టినవెంటనే మూడు రక్షలు లభించుచున్నవి: క్షయకు బి.సి.జి., పోలియోకు చుక్కలు, కాలేయమును చెరచు కామెర్లకు హెపటైటిస్-బి సూది. కోరింత దగ్గునకు మాత్రము ఆ దినమున ఏ రక్షయు లేదు. దాని మందు అయిదు వ్యాధులకు ఒక్కటిగా కూర్చిన పెంటావాలెంట్ టీకాలో ఉన్నది. ఆ టీకా ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో పడును. మొదటి సూదితోనే నిండు బలము చేకూరదు. కాగా, పుట్టిన దినము మొదలు ఆరు వారములు తనదియైన బలము లేకుండ, తరువాత మరి రెండు నెలలు అరకొర బలముతో, శిశువు ఈ వ్యాధి యెదుట నిలువవలసియున్నది. కోరింత దగ్గువలన కలుగు శిశుమరణములలో అధికభాగము సరిగా ఈ తొలి నెలలయందే సంభవించుచున్నది. ఈ కాలమున బిడ్డను కాపాడగలవారు బిడ్డ చుట్టునున్నవారే. వారిలో ప్రథమురాలు తల్లి. ఆ తల్లికి ఈయవలసిన సూదిని మనము ఈయకున్నామనియు, ఈయుటకు కావలసిన బాట మాత్రము మనకు ముందే ఏర్పడియున్నదనియు నా అభిప్రాయము.

పెద్దపిల్లలలో ఈ దగ్గును గుర్తుపట్టుట కష్టము కాదు. ఊపిరి తీయుటకు సందీయక తెరలు తెరలుగా దగ్గి, తుదకు గాలిని లోనికి లాగుకొనునపుడు కూతవంటి ధ్వని వెడలును, కన్నులు ఎర్రవారును, తెర చివర వాంతి యగును, ఈ అవస్థ నెలల తరబడి సాగును. నెల దాటని పసికందులో ఆ కూత వినబడదు, కూత పెట్టునంతటి బలము ఆ రొమ్మున లేదు. పాలు త్రాగుచున్న బిడ్డ నడుమ చన్ను విడిచిపెట్టును; ముఖము కమిలి, పెదవుల చుట్టు నీలిమ క్రమ్మును; ఒక్కొక్కప్పుడు దగ్గు లేకుండనే ఊపిరి ఆగును. తల్లి భుజముపై వేసికొని వీపు తట్టగా మరల ఊపిరి అందుకొనును. "పాలు పొలమారినవి" అని ఇంటివారందరును సమాధానపడుదురు. ఆ సమాధానములో ఒకటి రెండు దినములు గడచిపోవును. ఆ ఒకటి రెండు దినములే కొందరు బిడ్డలకు ప్రాణాంతకములగుచున్నవి.

1906లో బ్రస్సెల్సు నగరమున జూల్ బోర్డే, ఆక్టేవ్ జెంగూ అను శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి సూక్ష్మజీవిని వేరుపరచి పెంచగలిగిరి. అది వెడలగ్రక్కు విషము శిశువు రక్తమున తెల్లకణములను మితిమీరి పెంచును; అవి ఊపిరితిత్తుల సన్నని రక్తనాళములలో క్రిక్కిరిసి ప్రవాహమును అడ్డగించును; గుండె ఆ ఒత్తిడిని భరింపజాలదు. అంతవరకు వచ్చిన పిమ్మట కృత్రిమ శ్వాసయంత్రము సైతము పలుమారు నిష్ఫలమగును. అజిత్రోమైసిన్ వంటి మందులు తొలిదినములలో ఇచ్చినచో మేలు చేయును, ఇతరులకు సోకకుండ ఆపును. దగ్గుతెరలు ముదిరిన తరువాత వ్యాధిగమనమును అంతగా మరలింపలేవు. కావున ఈ వ్యాధి విషయమున చికిత్సను నమ్ముకొని కూర్చుండుట తగదు. మన జిల్లాలలో దీనిని నిశ్చయముగా తేల్చు పి.సి.ఆర్. పరీక్ష సులభముగా అందునది కాదు. ఈ దగ్గుతో బిడ్డ మరణించినప్పుడు న్యుమోనియా అని వ్రాసి కాగితమును మూసివేయుటకు అవకాశము మెండు. లెక్కలోనికి రాని మరణమును గూర్చి శాసనసభలో ప్రశ్న పుట్టదు, ప్రశ్న పుట్టని విషయమునకు నిధి కేటాయింపబడదు.

ఈ వ్యాధి ఇంటిలోనికి ఎచటినుండి వచ్చునని విచారించినచో, వైద్యశాస్త్రము బయటివారికంటె ఇంటివారినే ఎక్కువగా చూపుచున్నది. రక్షలేని జనసమూహమున ఒక్క రోగి 12 మొదలు 17 మంది వరకు దీనిని పంచగలడు. వ్యాపించు వేగమున ఇది తట్టుకు దాదాపు సాటివచ్చును. చిన్ననాట వేయించుకొన్న టీకాబలము కొన్ని ఏండ్లకు తరుగును. ఒకసారి వ్యాధి సోకినవారికి సైతము యావజ్జీవ రక్ష లేదు. నలువది ఏండ్ల మేనమామకు, అరువది ఏండ్ల అమ్మమ్మకు అది వారముల కొలది వదలని పొడిదగ్గుగా మాత్రమే తోచును. మిరియాల కషాయము త్రాగి, చలిగాలి తగిలినదని సరిపెట్టుకొని, ఆ దగ్గుతోనే బిడ్డను చేతులలోనికి తీసికొందురు. మన తెలుగుదేశమున తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. పురిటింట అక్కచెల్లెండ్రు, వారి బడిపిల్లలు, ఇరుగుపొరుగువారు. ఇరువదియొకటవ దినమున బారసాలకు వచ్చు బంధుజనము. వీరందరి ప్రేమయు నిజమైనదే, వీరిలో ఎవ్వరికిని తమ గొంతులోనిది బిడ్డకు ఎట్టి అపాయమో తెలియదు. అమెరికాలో జరిగిన పరిశీలనలలో శిశువునకు వ్యాధిని అంటించినవారిలో మొదట తల్లులును, ఇటీవలి కాలమున తోబుట్టువులును ముందుండుట గమనింపదగినది.

అట్లయిన ఇంటిల్లిపాదికి టీకా వేసినచో సరిపోవునుగదా యని తోచుట సహజము. పెద్దలకు తగిన టీకా 2005లో లభింపగా అమెరికా వైద్యులు సరిగా ఈ మార్గమునే అవలంబించి, శిశువును తాకబోవువారందరును సూది వేయించుకొనవలెనని సలహా యిచ్చిరి. ఆలోచన నిర్దుష్టము, ఆచరణము దుర్ఘటము. ప్రసవించిన తల్లికి ఆసుపత్రిలోనే వేయవచ్చును. తండ్రి పనిలో ఉండును, తాత వేరొక ఊర నుండును, పినతల్లి మాట యెవ్వరికిని జ్ఞాపకము రాదు. ఇంతకంటె లోతైన అడ్డంకి 2013లో బయటపడినది. ఆ దేశపు ఆహార ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రజ్ఞులు బబూన్ కోతులపై ప్రయోగము చేయగా, సూక్ష్మజీవి భాగములతో మాత్రమే చేసిన కొత్త టీకా పొందిన కోతులు జబ్బుపడలేదు గాని, వాని గొంతులలో సూక్ష్మజీవి వారముల తరబడి నిలిచి, తోడి కోతులకు సోకినది. పూర్ణకణములతో చేయు పాత టీకా ఈ విషయమున కొంత మేలుగా పనిచేసినట్లు ఆ ప్రయోగముననే తేలినది. మన ప్రభుత్వము పిల్లలకు ఇచ్చుచున్నది ఆ పూర్ణకణ టీకాయే. జ్వరము తెప్పించునన్న అపకీర్తి మోయుచున్నదియు అదే.

దీనినుండి సంఘమునకు టీకా వేయుట వ్యర్థమని నిర్ణయించుట ఘోరమైన పొరపాటగును. ఆ పొరపాటు చేసిన జపాను కథ మన కనులయెదుటనే ఉన్నది. ముందుగా ఆ టీకా పుట్టుక చెప్పవలయును: అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున గ్రాండ్ రాపిడ్స్ పట్టణ ప్రయోగశాలలో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అను ఇద్దరు స్త్రీలు 1930ల ఆర్థికమాంద్య దినములలో, పగటి ఉద్యోగము ముగిసిన పిమ్మట, పేదల యిండ్లకు పోయి, దగ్గుచున్న పిల్లల నోటియెదుట గాజుపళ్లెములను పట్టి సూక్ష్మజీవులను సేకరించి, నమ్మదగిన టీకాను తొలిసారి నిరూపించిరి. ఆ టీకాబలముతో జపానులో 1974 నాటికి ఈ వ్యాధి ఏడాదికి నాలుగు వందల కేసులకు లోబడిపోయి, మరణములు లేకుండపోయినవి. ఆ చలికాలమున టీకా తరువాత ఇద్దరు శిశువులు మరణింపగా దేశమంతట భయము వ్యాపించి, టీకా వేయుట నిలిచినది. 1976లో వేయించుకొనిన పిల్లలు నూటికి పదిమంది. 1979లో 13 వేల కేసులు, 41 మరణములు. ఇరుగుపొరుగు పిల్లలకు టీకా పడినంతకాలము పసికందు దానిని ఎరుగకయే రక్షణ పొందుచుండును. ఆ టీకా ఆగినప్పుడు ముందు బలియగునది పసికందే.

ఇంటివారి రక్ష అసంపూర్ణము, ఊరివారి రక్ష అనివార్యము గాని దూరపుది. నడుమనున్న వెలితిని పూడ్చునది తల్లి. గర్భము ఏడవ నెల దాటినప్పటినుండి తల్లి రక్తములోని ప్రతిరక్షకములు మాయద్వారా బిడ్డలోనికి ప్రవహించుట అధికమగును. ఆ కాలమునకు కొంచెము ముందుగా తల్లికి కోరింత దగ్గు టీకా పడినచో, బిడ్డ పుట్టునప్పటికే తల్లి ఇచ్చిన ఆయుధములతో పుట్టును. ఇంగ్లండులో 2012లో వ్యాధి విజృంభించి 14 మంది శిశువులు మరణింపగా, ఆ యేడు అక్టోబరులో గర్భిణులందరికి టీకా ఆరంభించిరి. ఆ తల్లుల బిడ్డలకు తొలినెలలలో నూటికి తొంబది పాళ్ల వరకు రక్ష లభించినట్లు పరిశీలనలు తేల్చినవి. తరువాతి కథ కూడ చెప్పవలయును. ఒకప్పుడు నూటికి డెబ్బదికి పైబడిన తల్లులు వేయించుకొనుచుండగా, 2024 ఆరంభమునకు ఆ సంఖ్య అరువదికి లోపునకు దిగజారెను. ఆ యేడు ఇంగ్లండులో సుమారు 15 వేల కేసులు, 11 మంది శిశువుల మరణములు నమోదైనవి. ఒక కాన్పునకు వేయించుకొన్న సూది మరియొక కాన్పునకు చాలదు. ప్రతిరక్షకములు త్వరగా తరుగును గనుక ప్రతి గర్భమునందును వేయవలసియున్నది.

మన దేశమున గర్భిణికి సూది కొత్త కాదు. ధనుర్వాతపు సూది వేయించుకొనని తెలుగు తల్లి నేడు అరుదు. బిడ్డ కొరకు తల్లికి టీకా వేయుట అను భావమును మన పల్లెలు ఏనాడో అంగీకరించినవి. బొడ్డుకోతతో వచ్చు ధనుర్వాతము నవజాతశిశువులను హరించుచుండిన కాలమును మన ముసలమ్మలు ఇంకను మరువలేదు. ఆ వ్యాధిని నిర్మూలస్థితికి తెచ్చినట్లు దేశములో తొలుత ధ్రువపడిన రాష్ట్రము ఆంధ్రప్రదేశమే, అది 2003లో. దేశమంతయు ఆ స్థితికి వచ్చుటకు 2015 పట్టినది. కొన్నేండ్లుగా ఆ సూదిలో కంఠసర్పి మందు కూడ చేర్చి 'టీడీ' అను పేర ఇచ్చుచున్నారు. దానికి కోరింత దగ్గు మందు కూడ చేర్చిన 'టీడాప్' పట్టణములలో ప్రసూతివైద్యుల సలహాపై, వేయి రూపాయలు దాటిన వెలకు లభించుచున్నది. కొనగలిగిన తల్లి బిడ్డకు రక్ష. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వచ్చు కూలితల్లి బిడ్డకు లేదు. ఒకే సూది, ఒకే చేయి, ఒకే దినము, భేదమంతయు సీసాలోనిదే. రెండవ టీడీ మోతాదు స్థానమున టీడాప్ ఈయుడని, ఆ పనిని తెలుగు రాష్ట్రములు కేంద్రమునకై వేచియుండక తమ నిధులతోనే మొదలిడుడని నేను గట్టిగా కోరుచున్నాను.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మరణములెన్నియో తెలియకుండ వ్యయము చేయుట ఎట్లని ఖజానావారు అడుగుదురు. పరీక్షలు లేనిచో లెక్క ఎన్నటికిని తేలదు. పెద్దాసుపత్రుల శిశువిభాగములలో పరీక్ష నేర్పాటు చేయుటయు, టీకా ఆరంభించుటయు జంటగా సాగవలసిన పనులు. శాస్త్రీయమైన ఆక్షేపణ మరియొకటి కలదు: తల్లి ఇచ్చిన ప్రతిరక్షకములు బిడ్డ తరువాత పొందు టీకాకు స్పందించు శక్తిని కొంత తగ్గించును. ఇది నిజము. కాని ఆ తగ్గుదలవలన ఆ పిల్లలలో తరువాత వ్యాధి పెరిగినట్లు ఇంగ్లండు అనుభవమున కనబడలేదు. ఒకటిన్నర యేట ఇచ్చు బూస్టరు ఉన్నది. ఆ బూస్టరును మనవారు సరిగా వేయించుట ముఖ్యము.

ఇక్కడ మన తప్పు కొంత కలదు. పెంటావాలెంట్ సూది ఎడమ తొడకు పడిన సాయంకాలము బిడ్డకు జ్వరము వచ్చును, తొడ వాచును, రాత్రియంతయు ఏడ్చును. మరునాడు ఇంట పెద్దవారు "మంచిగా ఉన్న బిడ్డకు జ్వరము తెచ్చిరి" అందురు. పదవ వారపు సూదికి ఆ తల్లి రాదు. జ్వరము వచ్చుట టీకా పనిచేయుచున్న లక్షణమని, ఎంత మోతాదు పారాసిటమాల్ ఈయవలెనో, ఎన్ని గంటలు చూడవలెనో సూది వేయకముందే అమ్మమ్మను ఎదుట కూర్చుండబెట్టి చెప్పిన ఏ.ఎన్.ఎం. దగ్గర పిల్లలు తప్పిపోరు. చెప్పుటకు అయిదు నిమిషములు చాలును. వరుసలో నలువదిమంది తల్లులున్న బుధవారమునాడు ఆ అయిదు నిమిషములు ఆమెకు దొరకుటలేదు. పనివారిని పెంచకుండ టీకాశాతమును పెంచుడని ఒత్తిడి చేయు అధికారులు ఈ సంగతి గ్రహించిన మేలు. అయిదారేండ్ల వయసున పడవలసిన డి.పి.టి. బూస్టరు సంగతి ఇంకను శోచనీయము: బిడ్డ బడిలో చేరుటతో తల్లిదండ్రులకు టీకాల కార్డు అవసరము తీరినట్లే తోచును. పాలమూరునుండి వలసపోవు కుటుంబముల పిల్లలు, ఇటుక బట్టీల దగ్గర బ్రదుకు పిల్లలు ఈ రెండు బూస్టర్లకును తరచుగా దూరమగుచున్నారు. ఇంటింట పసికందుకు దగ్గును తెచ్చు తోబుట్టువు ఆ బూస్టరు తప్పిన బడిపిల్లయే కావచ్చును.

చివరకు మన కుటుంబాచారము కల్పించు చిక్కొకటి కలదు. తల్లికి సూది వేయదగిన కాలము గర్భమునకు 27వ వారము మొదలు 36వ వారము వరకు. సరిగా ఆ కాలముననే, ఏడవ నెలలో శ్రీమంతము జరిపి, కూతురిని పుట్టింటికి తీసికొనిపోవుదురు. ఆమె పేరు అత్తవారి ఊరి ఆశా కార్యకర్త పుస్తకమున ఉండును, ఆమె మాత్రము ఆ ఊర నుండదు. పుట్టింటి ఊరిలో ఆమె అతిథి, ఆ ఊరి జాబితాలో లేదు. మూడవ నెలనో అయిదవ నెలనో బిడ్డతో తిరిగి వచ్చువరకు ఇదే స్థితి. ఆరవ, పదవ, పదునాలుగవ వారములు చాలవరకు ఈ సందులోనే పడును. కార్డు ఉన్న బిడ్డకు ఏ కేంద్రముననైనను టీకా వేయవచ్చును. టీకాల నమోదునకు యూ-విన్ వచ్చిన పిమ్మట ఒక ఊరి నమోదు మరియొక ఊర కనబడును. అయినను టీకా పడవలసినవారి పేర్లతో నెలనెలా తయారగు డ్యూ లిస్టు ఆ ఊరి యిండ్ల లెక్కనుబట్టియే వ్రాయబడుచున్నది. ఆ లిస్టులో పుట్టింటికి వచ్చిన గర్భిణులకు, బాలింతలకు వేరొక పుట తెరువవలెను. శ్రీమంతమునాడే అత్తవారి ఊరి ఏ.ఎన్.ఎం. పుట్టింటి ఊరి ఏ.ఎన్.ఎం.కు ఫోనుచేసి పేరు, నెల, పడిన సూదులు చెప్పవలెను. టీడాప్ మన కేంద్రములకు వచ్చువరకు పెంటావాలెంట్ తొలి సూదియైనను ఆరవ వారము దాటకుండ పడుటకు ఇంతకంటె దగ్గర దారి లేదు. ఇట్టి ఉత్తరువును జిల్లా వైద్యాధికారులు ఈ నెలలోనే ఈయవచ్చును.