నొప్పిని దాచుకోకూడదు

1811 సెప్టెంబరు 30వ తేదీన పారిస్ నగరంలోని ఒక ఇంట్లోకి నల్లని దుస్తులు ధరించిన ఏడుగురు పురుషులు ప్రవేశించారు. వారు వైద్యులు, వైద్యుల సహాయకులు. వారిలో ఒకరు బారన్ లారే, నెపోలియన్ సేనలో పేరుమోసిన శస్త్రవైద్యుడు. వారి రాకకై ఎదురుచూస్తున్న రోగి ఫానీ బర్నీ. జేన్ ఆస్టెన్‌కు ముందు తరంలో ఆంగ్ల నవలకు ఘనకీర్తి తెచ్చిన రచయిత్రి. ఫ్రెంచి సేనానిని వివాహమాడి, యుద్ధాల మూలంగా పారిస్‌లోనే చిక్కుకుపోయింది. అప్పటికి ఆమె వయస్సు 59 ఏళ్ళు. కుడి రొమ్ములో ఏర్పడిన గడ్డను వైద్యులు కాన్సరుగా నిర్ణయించారు. రొమ్మును తొలగించడం మినహా మార్గాంతరం లేదన్నారు.

ఆనాటి యూరపులో మత్తుమందు లేదు. బాధ తెలియకుండేందుకు ఆమెకు ఇచ్చినదల్లా కాసింత ద్రాక్షసారాయి కలిపిన పానీయం. ముఖం మీద కప్పిన పల్చని చేతిరుమాలు గుండా కత్తి మెరుపు ఆమెకు కనిపిస్తూనే ఉంది. సుమారు 20 నిమిషాలసేపు సాగిన ఆ శస్త్రచికిత్సను ఆమె తరువాత తన అక్కకు లేఖగా రాసింది. ఆ లేఖ పూర్తి కావడానికి నెలలు పట్టింది. రాసినదానిని మళ్ళీ చదువుకునే ధైర్యం ఆమెకు చాలలేదు. అయితే ఆమె ఆ తరువాత 28 ఏళ్ళు బ్రతికి, 1840లో, 87 ఏళ్ళ వయస్సులో కన్నుమూసింది.

కత్తి ఆమెకు ఆయుష్షునిచ్చింది. నొప్పి మాత్రం నెలల తరబడి ఆమె కలాన్ని కదలనివ్వలేదు. కాన్సరు చికిత్స కథ అంతా ఈ రెండింటి కథే అనవచ్చు. మొదటిదానిని గురించి మనం తరచుగా వింటాము. రెండవదానిని గురించి విన్నా, అది రోగి ఓర్చుకోవలసిన కర్మఫలమని సరిపెట్టుకుంటాము. ఆ సరిపెట్టుకోవడం తగదన్నదే ఈ నెల నేను చెప్పదలచిన మాట.

ఫానీ బర్నీకి ఆ కష్టం కలగడానికి ఏడేళ్ళు ముందే, అంటే 1804 అక్టోబరులో, జపాన్‌లో హనవోకా సేషూ అనే వైద్యుడు ఒక వృద్ధురాలికి మత్తునిచ్చి, రొమ్ము కాన్సరు గడ్డను తొలగించాడు. ఆ మందులో ప్రధానమైనవి ఉమ్మెత్త, వత్సనాభి. మన పెరటి దిబ్బలమీద మొలిచే ఉమ్మెత్త జాతి మొక్కే అంతటి పని చేసింది. కాని అప్పటి జపాన్ బయటి లోకానికి తలుపులు మూసుకున్న దేశం. ఆ వార్త సముద్రం దాటలేదు. పాశ్చాత్య దేశాలు 1846 అక్టోబరు 16 వరకు ఎదురుచూడవలసివచ్చింది. ఆనాడు అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఆవిరి పీల్పించి ఒక యువకుణ్ణి స్పృహ తప్పించగా, జాన్ వారెన్ అనే శస్త్రవైద్యుడు అతని మెడ మీది కంతిని కోసి తీశాడు. రోగి కేక పెట్టలేదు.

అంతకుముందు శస్త్రవైద్యునికి వేగమే ప్రధాన గుణం. రోగి తాళగలిగిన కొద్ది నిమిషాలలో పని ముగించాలి. ఈథరు వచ్చాక వైద్యునికి తీరిక చిక్కింది. రెండు దశాబ్దాలు గడిచాక లిస్టరు చీము పట్టకుండా కాపాడే పద్ధతిని నేర్పాడు. ఇక కడుపు, పేగులు, గర్భాశయం వంటి లోపలి అవయవాల వరకు కత్తి వెళ్ళగలిగింది. ఈనాడు కాన్సరు నయమైందని చెప్పుకునేవారిలో ఎందరో ఆ తీరిక వల్ల బ్రతికి బయటపడ్డవారే.

కాని ఈ తీరికకు మరొక ముఖం కూడా ఉంది. రోగి కేక వినిపించకపోవడంతో కత్తి పరిధి పెరుగుతూ పోయింది. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్ది చివర ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతోపాటు దాని అడుగున ఉన్న ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించేవారు. వ్యాధి మొదలైనచోటి నుంచి వరుసగా పక్కకు పాకుతుందని, ఎంత దూరం కోస్తే అంత క్షేమమని ఆనాటి నమ్మకం. ఆ నమ్మకం సుమారు 80 ఏళ్ళు నిలిచింది. చేయి వాచి, భుజం బిగిసి, ఛాతీ గుంటపడి జీవించిన స్త్రీలు ఎందరో.

దానిని పరీక్షకు నిలిపినవారు అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసి. 1970ల దశకంలో ప్రారంభించిన వారి పరిశోధనల 20 ఏళ్ళ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. వ్యాధి తొలి దశలో ఉన్నవారికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రం తొలగించి, రేడియేషన్ ఇచ్చినా, రొమ్మునంతటినీ తీసివేసినా ఆయుఃప్రమాణంలో తేడా లేదని తేలింది. ఎక్కువ కోసినవాడు గొప్ప వైద్యుడన్న కాలం పోయి, ఎంత అవసరమో అంతే కోసినవాడు గొప్పవాడన్న కాలం వచ్చింది.

ఈనాడు శస్త్రచికిత్స చేసే పనులు ఒకటి రెండు కావు. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి జబ్బేమిటో నిర్ధారించేది అదే. వ్యాధి ఒకచోటనే ఉన్నప్పుడు దానిని సమూలంగా తీసివేసేది అదే. మన దేశంలో పొగాకు, గుట్కా పుణ్యమా అని ఇంతగా పెరిగిన నోటి కాన్సరుకు ఇప్పటికీ ముఖ్యమైన చికిత్స కత్తే. వ్యాధి నయం కాదని తెలిసిన తరువాత కూడా దానికి పని ఉంటుంది. మూసుకుపోయిన పేగుకు పక్కదారి కల్పించడం, వ్యాధి తొలిచివేసిన తొడ ఎముక విరగకుండా లోహపు కడ్డీ అమర్చడం, వెన్నుపామును నొక్కుతున్న గడ్డను తొలగించడం వంటివి రోగి బాధను తగ్గించడానికి చేసే శస్త్రచికిత్సలే. నొప్పి నివారణకు కత్తి కూడా ఒక సాధనమని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఇక్కడ ఒక అపోహ సంగతి ప్రస్తావించక తప్పదు. కత్తి తగిలితే కాన్సరు ఒళ్ళంతా పాకుతుందని మన ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ భయానికి మూలం లేకపోలేదు. వ్యాధి ముదిరి, లోలోపల పాకిన తరువాతనే ఆస్పత్రికి చేరినవారు శస్త్రచికిత్స జరిగిన కొద్దికాలానికి మరణించేవారు. చూసినవారు ఆ నేరాన్ని కత్తిమీద మోపారు. నిజానికి నేరం ఆలస్యానిది. ఆ భయంతో గడ్డను దాచుకున్నవారు మళ్ళీ ఆలస్యంగానే వస్తారు. భయం తన్ను తానే రుజువు చేసుకుంటుంది.

శస్త్రచికిత్స గదిలో మత్తు తోడుంటుంది. ఆ గది తలుపు దాటిన తరువాత, ఇంటి మంచం మీద, రాత్రి రెండు గంటలకు తోడెవరు? ఈ ప్రశ్నను తన జీవితంగా చేసుకున్న మహిళ సిసిలీ సాండర్స్. మొదట నర్సుగాను, పిదప ఆస్పత్రిలో రోగుల కష్టసుఖాలు విచారించే ఉద్యోగిగాను పనిచేసి, 40వ పడికి చేరువలో వైద్యురాలైంది. లండన్‌లో ఆమె గమనించినది చాలా సామాన్యమైన విషయం. అప్పటి ఆచారం ప్రకారం రోగి నొప్పితో మెలికలు తిరిగి అడిగినప్పుడే మందిచ్చేవారు. మందు పనిచేసి, దాని ప్రభావం తగ్గి, రోగి మళ్ళీ విలవిలలాడేదాకా ఆగేవారు. నొప్పి రాకమునుపే వేళ ప్రకారం మందిస్తే రోగి తేరుకుని మాట్లాడగలడని, మందు కోసం అర్రులు చాచడని ఆమె నిరూపించింది. 1967లో ఆమె నెలకొల్పిన సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రయం ప్రపంచమంతటికీ ఒరవడి అయింది. నొప్పి ఒక్క శరీరానిదే కాదని, మనస్సు, కుటుంబం, డబ్బు, మరణభయం అన్నీ అందులో కలిసి ఉంటాయని ఆమె బోధించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ఇదే మార్గాన్ని ఒక నిచ్చెనగా చూపింది. మొదటి మెట్టు పారాసెటమాల్ వంటి సామాన్యమైన మందులు. రెండవ మెట్టు కోడీన్ వంటివి. మూడవది మార్ఫిన్. వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి, గడియారం ప్రకారం ఇవ్వాలి, మనిషిని బట్టి మోతాదు నిర్ణయించాలి. నొప్పి తీవ్రంగా ఉంటే మొదటి మెట్టు నుంచే ఎక్కిరావాలన్న నియమం లేదని తరువాతి కాలపు సూచనలు స్పష్టం చేస్తున్నాయి.

మార్ఫిన్ పేరు వినగానే మన ఇళ్ళలో రెండు భయాలు తలెత్తుతాయి. ఒకటి, అది అలవాటైపోతుందని. రెండు, అది చివరి మందని, దానిని ఇచ్చారంటే ఇక ఆశ లేదని. డాక్టరు పర్యవేక్షణలో, నొప్పికి తగిన మోతాదులో వాడే కాన్సరు రోగి సాధారణంగా మత్తుకు బానిస కాడు. శరీరం ఆ మందుకు అలవాటు పడడం వేరు, మనస్సు దానికై వెంపర్లాడడం వేరు. మొదటిది జరుగుతుంది కనుకనే హఠాత్తుగా మానకుండా క్రమంగా తగ్గిస్తారు. ఇక చివరి మందన్నది కేవలం మాట. నొప్పి ఉన్నప్పుడు వాడి, శస్త్రచికిత్సతోనో రేడియేషన్‌తోనో నొప్పి మూలం తొలగినప్పుడు మానివేసినవారున్నారు. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది. దానికి మొదటి రోజునుంచే మందు తీసుకోవాలి. తొలి రోజులలో మగత, వికారం ఉండవచ్చు. అవి చాలామందికి సర్దుకుంటాయి.

ఇందులో మన దేశానికి సంబంధించిన ఒక విచిత్రముంది. మార్ఫిన్‌కు మూలమైన గసగసాల పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ అనుమతితో పండుతుంది. నీమచ్, గాజీపూర్ కర్మాగారాలలో ప్రభుత్వమే నల్లమందును శుద్ధి చేస్తుంది. ఇతర దేశాల రోగుల నొప్పి తీర్చిన ఆ పంట మన రోగికి అందలేదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, ఒక్క సీసాకు అనేక అనుమతులు కావలసివచ్చి, ఆస్పత్రులు ఆ మందును తెప్పించడమే మానుకున్నాయి. పన్నెండేళ్ళు తిరిగేసరికి దేశంలో మార్ఫిన్ వాడకం పదో వంతు కూడా మిగలలేదు. దొంగను పట్టబోయి రోగిని కట్టివేసినట్లయింది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ప్రారంభించిన ఉపశమన చికిత్సా సంఘం ఊరి ప్రజలనే స్వచ్ఛంద సేవకులుగా తీర్చి, కేరళకు దారి చూపింది. వారివంటివారి దీర్ఘకృషి ఫలితంగా 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆస్పత్రిలో కూడా ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. చట్టం సడలింది కాని భయం సడలలేదు. ఈనాటికీ ఎందరో రోగులకు ఆ మందు అందుబాటులో లేదు.

అనువాదం వృత్తిగా గల నాకు ఈ విషయంలో తోచిన మాట ఒకటుంది. ఇంగ్లీషులో నొప్పికి ఒకే పెద్ద మాట. దానికి ముందు ఏదో విశేషణం చేర్చుకోవాలి. తెలుగువాడికి ఆ ఇబ్బంది లేదు. తలపోటు, కాళ్ళ తీపులు, కీళ్ళ పీకులు, పుండు సలుపు, కడుపులో మెలిపెట్టడం, నరం జివ్వున లాగడం, నడుము కలుక్కుమనడం, మంట, తిమ్మిరి, సూదులతో పొడిచినట్లుండడం. మన అమ్మమ్మలు ఈ మాటలను ఒకదాని బదులు ఒకటి వాడరు. 1975లో కెనడాకు చెందిన రోనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రోగులు వాడే మాటలనే ఏరి, వర్గాలుగా కూర్చి, నొప్పిని కొలిచే ప్రశ్నావళిని తయారుచేశాడు. మాట వ్యాధి చిరునామా చెబుతుందని ఆయన గ్రహించాడు.

అది నిజం. లోతుగా, ఎడతెగకుండా సలిపే నొప్పి ఎముకదై ఉండవచ్చు. దానికి రేడియేషన్ మంచి ఉపశమనం. అలలు అలలుగా మెలిపెట్టేది పేగుది కావచ్చు. రొమ్ము శస్త్రచికిత్స తరువాత చంకలో, చేతి లోపలి భాగంలో మంటగా, జివ్వుమని లాగేది నరానిది. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, నరాల మీద పనిచేసే వేరే మందులు తోడు కావాలి. ఇవన్నీ కలిపి నొప్పి అని ఒక్క మాటతో సరిపుచ్చితే డాక్టరు చీకట్లో రాయి వేయవలసిందే.

కాబట్టి పాఠకులకు నా మనవి ఇది. మీ ఇంట్లో ఇటువంటి రోగి ఉంటే, డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి. నొప్పి ఎక్కడ; ఏ వేళ ఎక్కువ; దేనితో పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది; అది ఎటువంటిది. ఈ చివరిదానిని రోగి అన్న మాటలోనే, మార్చకుండా రాయండి. ఓర్చుకోమని రోగికి చెప్పకండి. శస్త్రచికిత్స ముగిసిందని, ఇక వైద్యానికి చేయవలసినది లేదని ఎవరైనా అంటే, నొప్పి సంగతేమిటని మర్యాదగానే, గట్టిగా అడగండి. వ్యాధిని నయం చేయలేని రోజున కూడా నొప్పిని తగ్గించడానికి చేయదగినది ఉంటుంది. దానిని అడిగి చేయించుకోవడం రోగి హక్కు, అడిగించడం మన బాధ్యత.